అప్పగించిన తర్వాత

జూన్ 3, సోమవారం

నిన్న ఆరాధనలో పాస్టరుగారిది మళ్ళీ అదే పాట. దేవుడికి అప్పగించండి, విడిచిపెట్టండి, ఆయన చూసుకుంటాడు. ముందు బెంచీలో సాక్ష్యాలావిడ రుమాలుతో కళ్ళొత్తుకుంది. ఆవిడ అప్పగించని వస్తువంటూ ఈ లోకంలో మిగల్లేదు. మోకాలి నొప్పి అప్పగించింది, కోడలి నోరు అప్పగించింది, ఆ మధ్య కుట్టుమిషను కూడా అప్పగించింది. మిషను బాగైందని వారం వారం లేచి సంఘం ముందు సాక్ష్యం చెబుతోంది. కోడలి నోటి గురించి మాత్రం ఇంతవరకూ సాక్ష్యం లేదు.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, తమ్ముణ్ణి ప్రభువు చేతుల్లో వదిలెయ్యమంది. వదిలెయ్యడానికి వాడేమన్నా గాలిపటమా? నేను వదిలేస్తే వాడు ఎగిరేది మందు షాపు దాకానే.

ఈ పొద్దున వాడి సూపర్‌వైజరుకి నేనే ఫోన్ చేశాను. జ్వరమని చెప్పాను. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుకి ఈ ఏడాది వచ్చినన్ని జ్వరాలు ఆసుపత్రిలో మా వార్డు మొత్తానికి రాలేదు. ఆయన నమ్మినట్టు నటించాడు, నేను నమ్మించినట్టు నటించాను. తర్వాత వాడి గది కడిగాను, దుప్పటి నానబెట్టాను, చొక్కా జేబులు వెతికాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంకొక్కసారి ఇలా తాగితే తన దగ్గరికి తీసుకురావక్కర్లేదని కాలేయం డాక్టరు చెప్పేశాడు. ఆ మాటకి అర్థం నర్సునైన నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వాడు చచ్చిపోతాడు. అమ్మ పోయేముందు వాడి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు కావాలా అని అడగలేదు. అప్పుడు వాడు స్కూలు పిల్లాడు, ఇప్పుడు బట్టతల. చెయ్యి మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది.

జూన్ 5, బుధవారం

వార్డులోకి కొత్త నర్సు వచ్చింది. నత్త అని పేరు పెట్టాను. మంచం దుప్పటి మార్చమంటే ముందు దుప్పటిని చూస్తుంది, తర్వాత మంచాన్ని చూస్తుంది, తర్వాత రోగిని క్షేమసమాచారాలు అడుగుతుంది. ఈలోపు నేను మూడు మంచాలు మార్చేస్తాను. ఇలాంటివాళ్ళకి ఎవరు సర్టిఫికెట్లిస్తారో.

జూన్ 9, ఆదివారం

ఇవాళ అప్పగించాను.

నవ్వొస్తోంది, కానీ నిజమే. వాడు శుక్రవారం పని చేస్తూ లిఫ్టు గుంతలో పడబోయాడట, తోటివాడు కాలరు పట్టి లాగాడట. పాస్టరుగారు ముందుకు రమ్మని పిలిచినప్పుడు వెళ్ళి మోకరించాను. నా తమ్ముణ్ణి నీకు అప్పగిస్తున్నాను ప్రభువా, ఇక నీదే భారం అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. సాక్ష్యాలావిడ అందరికంటే గట్టిగా అంది.

తర్వాత పాస్టరుగారు ఒకాయన్ని పరిచయం చేశారు. ముందు పళ్ళు రెండు లేవు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. ఒకప్పుడు వీధుల్లో పడి తాగినవాడట. ఇప్పుడు ఊరి చివర పాత సిమెంటు గోడౌను షెడ్డులో తాగుబోతుల్ని పెట్టుకుని మాన్పిస్తాడట. డాక్టరు లేడు, నర్సు లేదు. ప్రార్థన, పని, నిద్ర. తను కబురు చేసేదాకా ఇంటివాళ్ళు రాకూడదు, ఫోన్ చెయ్యకూడదు. షెడ్డాయన ఇదంతా ఎంత తాపీగా చెప్పాడంటే నాకు ఒళ్ళు మండింది.

ఒప్పుకున్నాను. అప్పగించాను కదా. అయితే మాత్రలు ఏ పూట ఏవి వెయ్యాలో నేను రాసిస్తానని, దిండు ఇంటి నుంచే పంపుతానని, గాలి తగిలే వైపు మంచం ఇవ్వాలని చెప్పాను. ఇవి షరతులు కావు. తెలిసినవాళ్ళు చెప్పే జాగ్రత్తలు.

జూన్ 10, సోమవారం

దింపి వచ్చాను. షెడ్డాయన వాణ్ణి పేరు అడిగాడు. చెప్పాను. వయసు అడిగాడు. చెప్పాను. ఎప్పటి నుంచి తాగుతున్నావు, నిద్ర పడుతోందా, ఆకలి ఉందా అని అడిగాడు. అన్నీ చెప్పాను. ఆయన నా వైపు తిరిగి, "ఈయనకి నోరుందామ్మా?" అన్నాడు.

తమ్ముడు ఫక్కున నవ్వాడు. వాడు నవ్వడం చూసి చాలాకాలమైంది. ఇలాంటి పనికిమాలిన జోకుకా నవ్వడం?

జూన్ 11, మంగళవారం

ఫోన్ చెయ్యలేదు.

జూన్ 12, బుధవారం

చేశాను. వాడి గురించి కాదు, మాత్రల గురించి. పసుపు రంగుది తిన్న తర్వాత వెయ్యాలని మళ్ళీ గుర్తు చేశాను. ఆయన, సరేనమ్మా, అన్నాడు. ఆ సరేలో నాకు ఏమాత్రం నమ్మకం కలగలేదు.

జూన్ 16, ఆదివారం

ఆరాధనలో నన్ను లేచి రెండు మాటలు చెప్పమన్నారు. మనసు తేలికైందని, భారం దిగిపోయిందని, రాత్రుళ్ళు హాయిగా నిద్రపోతున్నానని చెప్పాను. కొందరు ఏడ్చారు. నిజానికి నాకంటే బాగా సాక్ష్యం చెప్పేవాళ్ళు ఆ సంఘంలో లేరు. ఇన్నాళ్ళూ ఆ కుట్టుమిషను కథ విన్నవాళ్ళ మీద జాలేసింది.

తిరిగి వస్తూ దారిలోనే కదా అని షెడ్డు వైపు వెళ్ళాను. దారి కాదు, ఊరికి ఆ కొస. ఎదురుగా పంక్చర్లు వేసే కొట్టు దగ్గర నిలబడి గోడ మీంచి చూశాను. తమ్ముడు ఎండలో ఇటుకలు మోస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఒక ఇటుక జారి కాలి పక్కన పడింది. అక్కడున్న ఒక్కడూ పరుగెత్తలేదు. షెడ్డాయన కూడా చూశాడు, అలాగే నిలబడ్డాడు. వాడు వంగి తనే తీసుకున్నాడు. అంతసేపు పట్టింది ఒక్క ఇటుక తీయడానికి.

ప్రభువా, నీకు చేతకాదని నేననను. కానీ నీకు నెమ్మది మరీ ఎక్కువ. మా నత్తే నయం.

జూన్ 18, మంగళవారం

ఇంటికి తెచ్చేశాను.

తమ్ముడు ఎవరి ఫోన్ నుంచో పొద్దున చేశాడు. ఏడుస్తున్నాడు. ఒళ్ళంతా పురుగులు పాకుతున్నట్టుందని, నిద్ర లేదని, తీసుకెళ్ళిపొమ్మని. నేను సెలవు పెట్టి వెళ్ళాను. వెళ్ళేముందు ప్రార్థన చేశాను, వెళ్ళమని స్పష్టంగా ప్రేరణ కలిగింది. చెప్పులు అప్పటికే వేసుకుని ఉన్నాను, అది వేరే సంగతి.

షెడ్డాయన అడ్డం పడలేదు. "ఇవాళ ఒక్కరోజు గడిస్తే రేపు తేలికవుతుందమ్మా. అక్క వస్తుందని తెలిస్తే మాత్రం ఏ రోజూ గడవదు," అన్నాడు. పళ్ళు లేని నోటితో నాకు పాఠాలు. వార్డులో ఇలాంటి వణుకులు నేనెన్ని చూశాను! తమ్ముడి సంచి నేనే సర్దాను. వాడు తలుపు దగ్గర కూర్చుని నేల చూస్తున్నాడు. వస్తానన్నవాడు లేచి రావడానికి అంతసేపు ఎందుకు పట్టిందో తెలియలేదు.

దేవుడు నా ద్వారానే పని చేస్తాడు. నేనూ దేవుడి మనిషినే కదా.

జూన్ 20, గురువారం

వార్డులో ఒక పొరపాటు జరిగింది. నత్తది. కిటికీ పక్క మంచం మీదున్న ముసలావిడకి ఇన్సులిన్ రెండుసార్లు పడింది. చెమటలు పట్టి, మాట తడబడి, ఎవరినో పిలుస్తూ మంచం దిగబోయింది. గ్లూకోజు ఎక్కించాం, తేరుకుంది. డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఎవరిచ్చారని అడిగాడు. నత్త, నేనేనండీ అంది. నేను అబద్ధం చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు మెట్ల మీద పడి ఉన్నాడు. చొక్కా నిండా వాసన. సబ్బు అయిపోయిందంటే, పొద్దున డబ్బులిచ్చి కొనుక్కురమ్మన్నది నేనే.

జూన్ 21, శుక్రవారం

నిన్న రాసింది చదివాను. ఛీ.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నా డ్యూటీ అయిపోయింది. నత్తకి మంచం మంచం దగ్గరా నిలబడి రోగుల్ని అప్పగించాను. మా పనిలో అప్పగించడమంటే చిన్న విషయం కాదు. ఈవిడకి ఫలానా ఇంజెక్షన్ భోజనానికి ముందు ఇవ్వాలి, ఇంకా ఇవ్వలేదు, ఇక నీదే అని చెప్పాక ఆ మంచం మీద చెయ్యి వెయ్యకూడదు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారమే నేను నేర్పే పాఠం ఇది. ఒక మంచానికి ఇద్దరు నర్సులైతే, ఒక్కరూ లేనిదానికంటే ప్రమాదం.

అప్పగించాను. బట్టలు మార్చుకున్నాను. వెళ్ళిపోకుండా తలుపు దగ్గర నిలబడి చూశాను. భోజనం బండి వచ్చేస్తోంది, ఆ పిల్ల ఇంకా ఆ చివర ఎవరి దిండో సర్దుతోంది. నాకు ఓపిక పోయింది. లోపలికి వెళ్ళి, ముసలావిడకి ఇంజెక్షన్ నేనే ఇచ్చేసి, నత్తకి ఒక్క మాట కూడా చెప్పకుండా బయటికొచ్చేశాను. చెప్పలేదెందుకంటే, రేపు తను మర్చిపోయిందని నలుగురిలో నిలదీద్దామని. అదీ నా పవిత్రమైన ఉద్దేశం. ఆ పిల్ల మర్చిపోలేదు. తన సమయానికి తను వచ్చి, ఇవ్వాల్సింది ఇచ్చింది. నేను బస్టాపులో చాలాసేపు నిలబడ్డాక, వార్డు చెప్పులతోనే వచ్చేశానని చూసుకుని వెనక్కి వచ్చేసరికి ముసలావిడ వణుకుతోంది.

పొద్దున వెళ్ళి సూపరింటెండెంటుకి అంతా చెప్పాను. నత్తని కూడా పిలిపించారు. నన్ను చూడకుండానే, "పెద్ద సిస్టరు అప్పగించేశారు కదండీ. అప్పగించాక ఇంకావిడ ముట్టుకోరనుకున్నాను," అంది. తిట్టినా బాగుండేది. పాఠం నాకే అప్పజెప్పింది.

వార్డు నుంచి తీసి నన్ను స్టోరులో కూర్చోబెట్టారు. దూది, గాజుగుడ్డ, గ్లవ్స్ పెట్టెలు. నేను అవసరం లేకుండానే వార్డు ఇవాళ నడిచిందట. విని కడుపు మండింది.

జూన్ 22, శనివారం

స్టోరులో కూర్చుంటే ఆలోచన తప్ప పని లేదు. సాక్ష్యాలావిడని ఇన్నాళ్ళూ వెక్కిరించాను. ఆవిడ మిషను అప్పగించాక కనీసం మళ్ళీ స్క్రూలు విప్పలేదేమో. నేను దేవుడికి తమ్ముణ్ణి మంచం దగ్గర నిలబడి అప్పగించి, తలుపు దగ్గరే కాపలా కాసి, ఆయన ఇంకా రాలేదని సిరంజి నేనే పట్టుకున్నాను. దేవుణ్ణి కూడా కొత్తగా చేరిన నర్సు కింద జమకట్టాను. ఆయన తన సమయానికి తను వస్తున్నాడేమో, వచ్చేసరికి నేను ముందే పొడిచేశాను.

అసలు ఈ అప్పగించడమనే మాటే మంచిది కాదు. ప్రభువును శత్రువులకి పట్టిచ్చినవాడు చేసిందాన్నీ అప్పగించడమనే అంటారు. ప్రభువు చివరి ఊపిరిలో తండ్రికి తన ఆత్మనిచ్చిందాన్నీ అప్పగించడమనే అంటారు. రెంటికీ ఒకటే మాట. నేను చేసింది ఏదో నాకు తెలుసు.

తమ్ముడు ఇవాళ కూడా తాగాడు. గది కడిగాను. ఇదంతా రాశాక కూడా కడిగాను. అంత గొప్పదాన్ని.

జూన్ 24, సోమవారం

ఇంటికి వచ్చేసరికి గది ఖాళీ.

దుప్పటి మడతపెట్టి ఉంది. నేల కడిగి ఉంది, మూలలు వదిలేసి, మగవాళ్ళు కడిగినట్టు. సంచి లేదు. నేను వీధులన్నీ తిరిగాను. మందు షాపులో అడిగాను. సూపర్‌వైజరుకి ఫోన్ చేస్తే, మళ్ళీ జ్వరమా అని ఆయనే అడిగాడు. ఆసుపత్రికి చేశాను. పోలీసులకి చేద్దామనుకుని, షెడ్డాయనకి చేశాను.

"ఉన్నాడమ్మా. మధ్యాహ్నం వచ్చాడు."

"ఎవరు తెచ్చారు?"

"ఎవరూ తేలేదు. ఆయనే నడిచి వచ్చాడు."

ఒకసారి ఫోన్ వాడికివ్వమన్నాను. ఆయన వెళ్ళి అడిగినట్టున్నాడు, కాసేపు ఎవరివో అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి, మాట్లాడనన్నాడమ్మా, అన్నాడు. మాత్రల గురించి చెప్పబోయాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వాడే చెప్పాడట, అన్నీ సరిగ్గా.

అంటే వాడికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. నేనే వాడి నోట్లో వేలు పెట్టి మింగించాను.

ఏడ్చాను. వాడి మీద కోపంతో అని రాద్దామనుకున్నాను. కాదు, నన్ను అక్కర్లేదన్నాడని ఏడ్చాను.

జూన్ 30, ఆదివారం

ఆరాధనకి వెళ్ళలేదు. సాక్ష్యాలావిడ ఇంటికే వచ్చింది. ఏదో ప్రసంగం చేస్తుందని తలుపు సగమే తీశాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, కోడలు ఇల్లు విడిచి వెళ్ళిపోయిందని, రెండు వారాలైందని, ఎవరికీ చెప్పుకోలేదని చెప్పింది. లోపలికి రమ్మని కుర్చీ వేశాను. ఇద్దరం చాలాసేపు ఏమీ అప్పగించకుండా కూర్చున్నాం.

జూలై 14, ఆదివారం

స్టోరు నుంచి వార్డుకి తిరిగి వేశారు. ఇవాళ డ్యూటీ అయ్యాక నత్తకి అప్పగించి, తిన్నగా మెట్లు దిగి గేటు దాటాను. వెనక్కి చూడలేదని రాస్తే అబద్ధం. గేటు దాటాక చూశాను. అక్కడి నుంచి వార్డు కనిపించదు.

ఇంటికి వచ్చాక ప్రార్థన చేద్దామని మోకరించాను. ఎప్పటిలా ఆయనకి జాగ్రత్తలు చెప్పడం మొదలైంది. వాడికి చలి పడదు, ఎవరైనా గద్దిస్తే ముడుచుకుపోతాడు, ఖాళీ కడుపుతో ఉంచకు. మధ్యలో ఆపేశాను. వాణ్ణి చేసినవాడికి వాడి గురించి నేను చెప్పడమేమిటి! సిగ్గేసింది. ఇంకేం చెప్పాలో తెలియక లేచిపోయాను.

జూలై 29, సోమవారం

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. ఇందులో గొప్పేమీ లేదు, చేస్తే వాడు మాట్లాడనంటాడని భయం.

ఆగస్టు 10, శనివారం

షెడ్డాయన కబురు చేశాడు. తమ్ముడికి వేరే ఊళ్ళో పని దొరికిందట, రేపు పొద్దున బస్సు. వాడే చెప్పమన్నాడట, అక్కని బస్టాండుకి రమ్మను, చూసి వెళ్తాను అని.

దిండు, మందులు, రెండు కొత్త చొక్కాలు, ఉన్ని కోటు, టార్చిలైటు సంచిలో సర్దాను. తీసేశాను. మళ్ళీ చొక్కాలు పెట్టాను. తీసేశాను.

ఆగస్టు 11, ఆదివారం

ఉత్త చేతులతో వెళ్ళాను.

బస్టాండులో వాణ్ణి గుర్తు పట్టలేదు. చిక్కిపోయాడు, కానీ కళ్ళలో పసుపు పోయి తెల్లగా ఉన్నాయి. చేతి మీద ఇటుకల గీతలు. షెడ్డాయన దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇవాళ కూడా గుండీలు తప్పే.

నేను మాట్లాడకూడదని గట్టిగా అనుకుని వెళ్ళాను. మాట్లాడేశాను. ఏ ఊరు, ఎవరి దగ్గర, ఎక్కడ ఉంటావు, అక్కడ ఆసుపత్రి ఉందా? వాడు నన్ను ఆపలేదు, అన్నీ విన్నాడు.

"ఏ ఊరో చెప్పను అక్కా. చెబితే వచ్చేస్తావు," అన్నాడు.

రానురా, అనబోయాను. వాడు నా ముఖం చూశాడు, నాకు నవ్వొచ్చింది. వస్తాను. చెప్పులు వేసుకున్నాక ప్రార్థన చేసి మరీ వస్తాను.

"మళ్ళీ తాగితేనో?" అన్నాను.

"తాగుతానేమో. తాగనని నీకు మాటివ్వను. పొద్దున్నే లేచి ఆయన్ని అడుగుతున్నాను, ఈ ఒక్కరోజు తాగకుండా చూడమని. అంతే నాకు తెలిసింది," అన్నాడు. తర్వాత తల వంచుకుని, "నువ్వు చెడ్డదానివని కాదక్కా. నువ్వుంటే నాకు ఆయన్ని అడగాల్సిన పనుండదు," అన్నాడు.

నన్ను ఇంత మెత్తగా ఎవరూ కొట్టలేదు. వాడికీ దేవుడికీ మధ్య నేను అడ్డంగా నిలబడి, దాన్నే ప్రేమ అనుకున్నాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను గట్టిగా పట్టుకున్నాను. బస్సు హారన్ కొట్టింది. వాడు ఒక్కో వేలూ మెల్లగా విడదీసుకున్నాడు. నేను వదిలానని ఏ సంఘంలోనూ సాక్ష్యం చెప్పను. వదల్లేదు, వాడు విడిపించుకున్నాడు. నేను చేసింది ఒక్కటే, మళ్ళీ పట్టుకోలేదు.

బస్సు తిరిగి సరిగ్గా నా ముందు నుంచే వెళ్ళింది. నుదుటి మీద ఊరి పేరు ఇంతేసి అక్షరాల్లో ఉంటుంది. తల ఎత్తితే చాలు. నేను నా కాళ్ళవైపు చూసుకుంటూ నిలబడ్డాను, చప్పుడు పూర్తిగా పోయేదాకా.

బోర్డు చదవలేదు. ప్రభువు చదివే ఉంటాడు. నాకు చెప్పక్కర్లేదు.